తప్పు కట్టినవాడు

బొడ్డు అప్పలకొండ తన జన్మలో ఒక్క గోలు కొట్టలేదు. ఒక్క ఓవరు బంతి వెయ్యలేదు. అయినా పన్నెండేళ్ళ పాటు ఫుట్‌బాలూ క్రికెట్టూ రెండూ అతనికి కూడు పెట్టాయి. ఎలాగంటారా, అతని పని బంతిని ఆపడం. వానాకాలం కలకత్తా లీగులో ఒక క్లబ్బుకి గోల్‌కీపరు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి రంజీ జట్టుకి వికెట్‌కీపరు. ఒక జత గ్లవ్స్ విప్పి ఎండలో పడేసి ఇంకో జత తొడుక్కునేవాడు. మధ్యలో దొరికిన పదిహేను రోజులూ కిరండూల్లో తల్లి వండిపెట్టింది తింటూ గడిపేవాడు.

తండ్రి బైలాడిలా కొండ మీద షావెల్ ఆపరేటరు. విజయనగరం పక్క పల్లె నుంచి బయల్దేరి, విశాఖపట్నంలో రైలెక్కి, ఆ రైలు ఇంక ముందుకి పోదన్న కిరండూల్లో దిగి, ఇనుపరాయి తవ్వే కంపెనీలో కుదురుకున్న మనిషి. టౌన్‌షిప్పు క్వార్టర్ల వెనకున్న ఎర్రమట్టి గ్రౌండులోనే అప్పలకొండ రెండు ఆటలూ నేర్చుకున్నాడు. అక్కడ ఒకసారి పడి లేచిన చొక్కాని తల్లి అప్పలనరసమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా తెలుపు తిరిగి వచ్చేది కాదు.

రెండు ఆటలు ఆడినవాణ్ణి రెండు చోట్లా నెత్తిన పెట్టుకుంటారని మనం అనుకుంటాం. లోకం అంత మంచిదైతే ఇంకేం. క్యాచ్ జారితే క్రికెట్ వాళ్ళు, "తన్నుడు ఆటవాడికి చేతులెక్కడివి?" అనేవారు. గోలు పడితే ఫుట్‌బాల్ వాళ్ళు, "అయిదు రోజుల ఆట అనుకుని నిద్రపోయాడు పాపం," అనేవారు. జట్టు గెలిచిన రోజున మాత్రం ఇద్దరిలో ఎవరికీ అతను గుర్తొచ్చేవాడు కాదు. టౌన్‌షిప్పులో తండ్రి స్నేహితులు, "రెంటికీ చెడ్డ రేవడి," అని ముద్దుగా పిలిచేవారు. అప్పలకొండ నవ్వేసేవాడు. నవ్వాడు గనక నొప్పి లేదని అందరూ అనుకున్నారు. నొప్పి ఉండేది. కుడిచేతి చిటికెనవేలు వంకర కలకత్తా ఇచ్చింది, ఎడమచేతి మధ్యవేలు వంకర రంజీ ఇచ్చింది. పిడికిలి పూర్తిగా ముడుచుకోని ఆ రెండు చేతులే చివరికి అతనికి మిగిలిన సర్టిఫికెట్లు.

మోకాలు పోయాక తిరిగొచ్చి, టౌన్‌షిప్పు క్లబ్బులో కాంట్రాక్టు పని చూసుకున్నాడు. గ్రౌండుకి నీళ్ళు కొట్టడం, సున్నం గీతలు గియ్యడం, సాయంత్రం వచ్చే పిల్లలకి బంతులు అందించడం. పోయిన వర్షాకాలంలో ఆ కాంట్రాక్టూ అయిపోయింది. తండ్రి లేడు, క్వార్టరు లేదు. మార్కెట్ వెనక రెండు గదుల అద్దె ఇల్లు, భార్య భానుశ్రీకి ప్రైవేటు బడిలో ఉద్యోగం, తనకేమో నలభై నాలుగేళ్ళ వయసు. అలాంటప్పుడు వచ్చింది ఆ ప్రకటన. బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులో, బాసగూడ దాటాక ఉన్న మర్కపాడు అనే పల్లెలో కొత్తగా ఆటల మైదానం పెడుతున్నారు. దానికి ఒక కోచ్ కావాలి. వయసు నలభై అయిదు దాటకూడదు.

"ఇదొక్కటే ఉందే భానూ. ఇది పోతే ఇంక ఫారం ఇచ్చీవోడు కూడా ఉండడు," అన్నాడు అప్పలకొండ.

"అయితే ఎల్లి సూడు. రెండు ఆటలు ఆడేనని మాత్రం ఎవరికీ సెప్పకు. ఒకటే సెప్పు," అంది భానుశ్రీ.

"ఏది సెప్పనే?"

భానుశ్రీ దిద్దుతున్న కాగితం మీంచి కలం ఎత్తింది. "అదీ నిజమే," అని మళ్ళీ జవాబుపత్రాలు దిద్దుకోసాగింది.

ఫారంతో పాటు ఆటల సంఘం నుంచి ఒక ఉత్తరం జతచెయ్యాలి. ఫుట్‌బాల్ సంఘంవారు, 'ఇతడు ముఖ్యంగా క్రికెట్ ఆటగాడు' అని రాసి ఇచ్చారు. క్రికెట్ సంఘంవారు, 'ఇతడు ముఖ్యంగా ఫుట్‌బాల్ ఆటగాడు' అని రాసి ఇచ్చారు. ఇద్దరూ ముద్రలు మాత్రం బాగా స్పష్టంగా వేశారు. ఆ రెండు ఉత్తరాలూ పట్టుకుని అప్పలకొండ బీజాపూర్ వెళ్ళి, జిల్లా ఆటల అధికారి సుమన్ మేడం ముందు నిలబడ్డాడు. కాగితాలు చేతికిస్తుంటే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

సుమన్ మేడం రాయపూర్ వైపు మనిషి, మాట్లాడేది హిందీ. రెండు ఉత్తరాలూ చదివి, మళ్ళీ చదివి, స్టేప్లర్ తీసి రెండింటినీ కలిపి ఒక్క పోటు పొడిచింది.

"ఇద్దరూ పెద్దమనుషులే, అబద్ధం చెప్పరు. రెండూ కలిపి చదివితే మీరు రెండూ ఆడినట్టు రుజువైంది. ఆట సంగతి నాకు చాలు," అంది. "కానీ ఒక నిబంధన ఉంది. ఇది ఆ ఊరి పోస్టు. కోచ్ మా మనిషే అని అక్కడి గ్రామసభ తీర్మానం చెయ్యాలి. ఇదివరకు పరాయివాళ్ళని వేస్తే, నెల తిరక్కుండా బదిలీ పెట్టుకుని పోయారు. ఊరు ఒప్పుకోకపోతే నేనేం చెయ్యలేను. జాబితాలో రెండో పేరు జగదల్‌పూర్ అతనిది."

"కిరండూల్లో పుట్టానండీ. నేను ఇక్కడివాణ్ణి కాదా?"

"నాకైతే ఇక్కడివారే. ఆ మాట వాళ్ళు అనాలి."

ఆమె మాటలో తప్పు లేదు. కిరండూల్లో అతన్ని అందరూ ఆంధ్రావాడంటారు. ఏ పెళ్ళికో విజయనగరం వెళ్తే బస్తర్‌వాడంటారు. ఆటలోనే కాదు, ఊరి విషయంలోనూ అతను రేవడే. రెండు వారాల గడువు దొరికింది. ఆ లోగా మైదానానికి గోల్‌పోస్టులు నిలబెట్టాలి, రెండు జట్లు తయారుచెయ్యాలి. గడువు ముగిసే గురువారం నాడు మేడం వచ్చి చూసి, గ్రామసభ పెట్టి తేల్చేస్తుంది.

మర్కపాడు ఒకప్పుడు ఖాళీ అయి మళ్ళీ నిండిన ఊరు. ఇరవై ఏళ్ళ కిందట గొడవల కాలంలో జనం తలో దిక్కూ పోయారు. ఎక్కువమంది సరిహద్దు అవతల చర్ల వైపు దాటి మిర్చి తోటల్లో బతికారు. అందుకే అక్కడ సగం మంది తెలుగు ధారాళంగా మాట్లాడతారు. తిరిగొచ్చాక ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు, చేలు మళ్ళీ దున్నుకున్నారు. అంగన్‌వాడీలో పనిచేసే హిడ్మే అలా చర్ల మిరపకాయల మధ్య పెరిగి తిరిగొచ్చిన మనిషే. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు నడిపేది ఆమే. ఉత్తకాళ్ళతో ఆమె తన్నిన బంతి అరచేతిని మొద్దుబార్చేస్తుందని అప్పలకొండకి మొదటిరోజే తెలిసింది.

హిడ్మే ఇంటి వసారాలో మంచం వేసుకుని ఉండిపోయాడు. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నం, చింతాకు పులుసు. సాయంత్రం మైదానం. అతను మొదట నేర్పింది బంతి తన్నడం కాదు, పడడం. దెబ్బ తగలకుండా ఎలా పడాలో, పడ్డవాడు ఎంత తొందరగా లేవాలో. నలభై నాలుగేళ్ళ మనిషి ఆ వయసులో నేల మీద దొర్లి లేస్తుంటే గట్టు మీద కూర్చున్న ముసలమ్మలు పడిపడి నవ్వారు. వారం తిరిగేసరికి వాళ్ళే, "గట్లగాదు, సారు జెప్పినట్టు పడు!" అని మనవళ్ళని గద్దించసాగారు. అందరూ ఆదరించారు. కానీ అందరూ పిలిచింది మాత్రం 'కిరండూల్ సారు' అనే. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి గ్రామసభ తీర్మానం గుర్తొచ్చేది.

గోల్‌పోస్టులు కిరండూల్లో తయారవుతున్నాయి. వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడు రాంబాబు పాత ఇనుప పైపులు వెల్డింగ్ చేసి, సోమవారం పంపిస్తానన్నాడు. సోమవారం బండి దొరకలేదు. మంగళవారం బండి దొరికింది, డ్రైవరు దొరకలేదు. మంగళవారం సాయంత్రం అప్పలకొండ గట్టు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే హిడ్మే వచ్చింది.

"రేపు పండుం సారూ. మేమెవ్వరం ఆటకు రాం. నువ్వు గూడ జర ఆరాం జెయ్," అంది.

పండుం అంటే పండగని అతనికి తెలుసు. పండగంటే సెలవు. టౌన్‌షిప్పులో పుట్టినవాడికి అంతకు మించి ఏం తడుతుంది? దసరా అయినా హోలీ అయినా కింద క్వార్టర్లలోనే. పైన కొండ మీద మూడు షిఫ్టులూ నడవాల్సిందే, షావెల్ తవ్వాల్సిందే. పండగనాడు కూడా వాళ్ళ నాన్న కొత్త చొక్కా మీద హెల్మెట్ పెట్టుకుని డ్యూటీకి పోయేవాడు. తవ్వకం ఆపే పండగ ఒకటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

బుధవారం పొద్దున పది గంటలకి పికప్ బండిలో పోస్టులు దిగాయి. అప్పటికి ఊళ్ళో పిల్లి కూడా లేదు. విత్తనాల గంపలు నెత్తిన పెట్టుకుని ఆడా మగా అందరూ అడవి అంచున ఉన్న దేవుడి తోపుకి పోయారు. డోలు చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది. రేపే మేడం వస్తుంది. మనుషులు లేరని కూర్చుంటే పని అవుతుందా? డ్రైవరు సాయంతో పైపులు దింపించి, బండిలోనే ఉన్న గునపం అడిగి తీసుకుని, అప్పలకొండ తువ్వాలు తలకి చుట్టాడు.

నాలుగు గుంతలు. మోకాలి లోతు. కొలతతాడు పట్టుకుని, అంగుళం తేడా రాకుండా తవ్వాడు. వంకర వేళ్ళు సలుపుతున్నా అతనికి హుషారుగానే ఉంది. తిరిగొచ్చేసరికి పోస్టులు నిలబడి ఉంటే ఊరు ఎంత ముచ్చటపడుతుందో అనుకున్నాడు. కిరండూల్ సారు కాదు, మా సారు అంటారేమో అని కూడా అనుకున్నాడు. పిచ్చిమారాజు. నాలుగో గుంతలో మట్టి తోడుతుండగా డోలు చప్పుడు దగ్గరైంది.

ముందు నడుస్తున్నది పెర్మ మాడ. పెర్మ అంటే ఆ ఊరి పూజారి. డెబ్భై దాటిన మనిషి, ఎముకలకి తోలు అంటించినట్టు ఉంటాడు. మైదానం మొగదల అతను ఆగాడు. వెనక డోలు ఆగింది. ఆకుదొన్నెల్లో విత్తనాలు పట్టుకున్న ఆడవాళ్ళు ఆగారు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. మాడ మెల్లగా వచ్చి మొదటి గుంత పక్కన గొంతుక్కూర్చుని, పెళ్ళగించిన మట్టి మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ముసలాయన బుగ్గల మీద నీళ్ళు కారాయి.

"ఏంది సారూ గిది?" అంది హిడ్మే.

"పోస్టులకి గుంతలు. రేపు మేడం వస్తారు కదాని..."

"ఇయ్యాల్నా? ఇయ్యాల గడ్డపార ఏస్తవా?" ఆమె తల కొట్టుకుంది. "విజ్జ పండుం సారూ. విత్తనాల పండుం. భూమి నీళ్ళోసుకునే దినం. మూడు దినాలు మేం నాగలి ముట్టం, పార ముట్టం, గడ్డలు గూడ పీకం. కడుపుతోటి ఉన్నామెను గడ్డపారతోటి పొడుస్తరా ఎవరన్న?"

అప్పలకొండ చేతిలోంచి గునపం జారిపోయింది. డ్రైవరు తెలివైనవాడు, అప్పటికే బండెక్కి కూర్చున్నాడు.

ఊరి నడుమ ఇప్పచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. వాళ్ళు తమ భాష దోర్లీలో మాట్లాడుకుంటుంటే అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. 'కిరండూల్' అన్న మాట మాత్రం రెండుసార్లు వినిపించింది. హిడ్మే పక్కకి వచ్చి గుసగుసగా చెప్పింది.

"నేను పరాయోణ్ణి, నాకు తెల్వదు అను. గంతే అను. ఇడిచిపెడతరు. పోయినేడు రోడ్డు పనోడు గిట్లనే పండుం దినాన మెషినుతోటి తవ్విండు. పరాయోడు, ఆనికేం తెలుసు అని ఇడిచిపెట్టిన్రు. మల్ల ఈ దిక్కు రాకు అన్నరు, గంతే."

చెప్పడానికి ఏముంది, ఒక్క మాట. అందులో అబద్ధం కూడా లేదు. అతను పరాయివాడే, అతనికి తెలియదు. అప్పలకొండ ఆ మాట నోటిదాకా తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నా అనలేకపోయాడు. పన్నెండు రోజులుగా వీళ్ళ అంబలి తాగాడు. నిన్న సాయంత్రం హిడ్మే వచ్చి పండుం అని చెప్పింది కూడా. ఏం పండుం, ఎందుకు, నేనేం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా? పోస్టుల గొడవలో పడి ఊరి సంగతి పట్టించుకోలేదు. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. గోలు పడ్డాక డిఫెండర్ల వైపు చెయ్యి చూపించే కీపర్లని అతను చాలామందిని చూశాడు. వాళ్ళంటే అతనికి ఏనాడూ గిట్టదు.

లేచి నిలబడ్డాడు. "తాతా, తెలీదనడానికి నేదు. పండుం అని హిడ్మే నాకు సెప్పింది. అంటే ఏటని నానే అడగనేదు. అడగాల్సింది. తప్పు నాదే. మీరేం సెయ్యమంటే అది సేస్తాను," అన్నాడు. కంగారులో తల్లి దగ్గర మాట్లాడే భాష వచ్చేసింది.

హిడ్మే తల పట్టుకుంది. మాడ మాత్రం అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. పక్కవాళ్ళతో ఏదో అన్నాడు. ఒకాయన ఒప్పుకోనట్టు చెయ్యి విసిరాడు. మాడ మళ్ళీ ఏదో అన్నాడు. చివరికి అందరూ తలలూపారు. తప్పు వేశారు, అంటే జరిమానా. ఒక నల్లకోడి, ఒక కుండెడు ఇప్పసారా ఊరికి ఇవ్వాలి. నాలుగు గుంతలూ పార ముట్టకుండా చేతులతో పూడ్చాలి. ఎవరూ సాయం పట్టకూడదు. పూడ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ నోట పెట్టకూడదు.

పక్కవాడలో నల్లకోడి దొరికింది. సారా హిడ్మే వాళ్ళమ్మ ఇచ్చింది. గుంతల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అప్పలకొండ మట్టి తోశాడు. తవ్వడానికి గంటన్నర పట్టింది, పూడ్చడానికి పొద్దు వాలేదాకా పట్టింది. ముడుచుకోని వేళ్ళ సందుల్లోంచి మట్టి జారిపోయేది, మళ్ళీ ఎత్తేవాడు. గోళ్ళ కింద గులకలు గుచ్చుకుని నెత్తురు వచ్చింది. ఊరు దూరంగా నిలబడి చూస్తూ ఉంది. రేపటి సంగతి అతనికి తేటతెల్లమే. పోస్టులు లేవు, మైదానం లేదు, తమ భూమిని పొడిచినవాణ్ణి మా మనిషి అనే ఊరు ఈ భూప్రపంచంలో ఉండదు. ఉద్యోగం పోయినట్టే. అయినా, ఎందుకో మరి, మొదటి గుంత నేలకి సమమయ్యేసరికి మనసు కొంచెం తేలికపడింది. ఒక్కో గుంత పూడినప్పుడల్లా మాడ వచ్చి దాని మీద ముంతతో నీళ్ళు పోసి వెళ్ళాడు. నాలుగోది అయ్యాక అదే ముంత అప్పలకొండకి అందించి తాగమన్నాడు. తర్వాత కోడి కోశారు, ఊరంతా తలా ఒక ముక్క తిన్నారు. ఒక ముక్క ఆకులో పెట్టి అతనికీ ఇచ్చారు.

గురువారం పదకొండింటికి సుమన్ మేడం జీపు దిగింది. మైదానంలో పైపులు పడుకుని ఉన్నాయి. నేల మీద నాలుగు తడి మచ్చలు తప్ప ఇంకేం లేవు.

"ఇదేమిటి అప్పలకొండగారూ? పోస్టులు పెట్టలేదా? ఊరివాళ్ళు అడ్డం పడ్డారా?" అంది.

అవునంటే సరిపోయేది. ఆమె అలాగే రాసుకుని ఇంకో తారీకు ఇచ్చి ఉండేది. అప్పలకొండ జరిగింది జరిగినట్టు చెప్పాడు. పండుం నాడు గుంతలు తవ్వాననీ, ఊరు తప్పు వేసిందనీ, తనే పూడ్చాననీ చెప్పి తల దించుకున్నాడు. మేడం ఫైలు చంకన పెట్టుకుని ఇప్పచెట్టు వైపు నడిచింది. ఆమె మొహం చూస్తే జగదల్‌పూర్ అతనికి ఫోన్ చెయ్యడమొక్కటే మిగిలినట్టుంది.

గ్రామసభ నిండుగా ఉంది. పండుం రోజులు, చేలల్లోకి ఎవరూ పోరు, అందరూ వచ్చారు. మేడం హిందీలో చెబుతుంటే హిడ్మే వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది.

"ఇతను బొడ్డు అప్పలకొండ. కిరండూల్లో ఉంటాడు. పెద్దలు ఆంధ్రా నుంచి వచ్చారు. నిన్న ఇక్కడ జరిగింది కూడా నాకు తెలిసింది. నిబంధన ప్రకారం అడగాలి గనక అడుగుతున్నాను. ఇతను మీ మనిషేనా, పరాయివాడా? పరాయివాడంటే ఇంకొకరిని చూస్తాను. మొహమాటం అక్కర్లేదు."

అప్పలకొండ వెనక వరసలో, చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు. అప్పుడే లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. మాడ కర్ర మీద బరువు వేసి లేచాడు. అప్పలకొండకి కూడా అర్థం కావాలనేమో, తెలుగులోనే మాట్లాడాడు.

"అమ్మా, మేం పరాయోని తాన తప్పు తీస్కోం. పరాయోడు తప్పు జేస్తే పో అంటం, గంతే. ఆని కోడి మాకెందుకు? ఆనికీ మా భూమికీ ఏం ఉన్నది? తప్పు మనోడే కడతడు. రోడ్డు పనోణ్ణి మేం తప్పు అడగలే. ఈ పిలగాడు నా తప్పే అన్నడు, కట్టిండు. కోడి కోసినం, ఊరంత తిన్నది, ఆయన గూడ తిన్నడు. ఇయ్యాల నువ్వొచ్చి, ఆయన మీ మనిషేనా అని అడుగుతున్నవు." ముసలాయనకి కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది. "మనోడు గాకుంటె నిన్న కోడెట్ల తింటం?"

హిడ్మే దాన్ని హిందీలోకి మార్చబోయి సగంలో ఆగిపోయింది. తను చెప్పిన సలహా ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పరాయోణ్ణి అని ఆ ఒక్క మాట నిన్న అతను అని ఉంటే, ఈ రోజు సభ ముందు కూడా పరాయివాడే అయ్యేవాడు. ఆమె నాలిక కరుచుకుని అప్పలకొండ వైపు చూసింది. అతను తువ్వాల్లో మొహం దాచుకుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి. పన్నెండేళ్ళు రెండు ఆటలు ఆడి, వేళ్ళు విరగ్గొట్టుకుని, ఏ జట్టువాళ్ళ నోటా వినని మాట అది. అది తప్పు చేసిన మర్నాడు వినబడింది.

హిడ్మే తేరుకుని మొత్తం చెప్పింది. మేడం పెన్ను తీసింది. తీర్మానం కింద సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టారు, రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. నిన్న చెయ్యి విసిరినాయన అందరికంటే గట్టిగా నొక్కాడు.

"ఆర్డరు వారంలో వస్తుంది. సరే, జట్లయినా చూపిస్తారా, లేక అవీ పండుం తర్వాతేనా?" అంది మేడం ఫైలు మూస్తూ.

తవ్వకూడదు గానీ ఆడకూడదని ఏమీ లేదు. మరి పోస్టులు? నలుగురు ముసలివాళ్ళు లేచి మైదానంలోకి పోయి, తలా ఒక పైపు నిలువుగా పట్టుకుని నిలబడ్డారు. మాడ కూడా ఒకటి పట్టుకున్నాడు. ఆట నడుస్తున్నంతసేపూ అప్పలకొండ గీత బయట అటూ ఇటూ పరిగెడుతూ, "తాతా, కొంచెం ఎనక్కి! బంతి తగుల్తాది!" అని అరుస్తూనే ఉన్నాడు. ముసలాయన అంగుళం జరగలేదు. హిడ్మే రెండు గోల్స్ కొట్టింది.

ఫోను సిగ్నలు వాగు మీది వంతెన దగ్గరే దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండలో అక్కడిదాకా నడిచి అప్పలకొండ ఇంటికి ఫోన్ చేశాడు. బడిలో అన్నం వేళ, భానుశ్రీ వెంటనే ఎత్తింది.

"ఏటయ్యింది?"

"నాకు జరిమానా ఏసేరే భానూ," అన్నాడు.

"ఓలమ్మో! ఏటి సేసినావు? పోస్టు పోయినట్టేనా?"

"పోనేదే. వచ్చింది." అతను వంతెన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు. "ఈళ్ళు పరాయోళ్ళకి జరిమానా ఎయ్యరటే. తమవోళ్ళకే ఏస్తారట. నాకేసేరు. ఒక నల్లకోడి అడిగేరు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఒక్క కోడేనా అడిగినారు?" అంది భానుశ్రీ. "రెండియ్యాల్సింది."